ఖాళీ లాయానికి కిరాయి ఎవరికి?

హైదరాబాద్ ముస్లిం అనగానే తెలుగు పాఠకుడి మనసులో ముందుగా గుర్రమెక్కినవాడే మెదులుతాడు. షేర్వానీ, కత్తి, తురాయి. ఆ గుర్రం కళ్ళెం పట్టుకుని కింద నిలబడ్డవాడు మెదలడు. గుర్రం మీద ఒక్కడుంటే దాని చుట్టూ నలుగురుండాలి. తోమి మాలీషు చేసే సాయీసు, గడ్డి కోసుకొచ్చే ఘసియారా, నాడాలు కొట్టే నాల్‌బందు, జీను కుట్టేవాడు. ఈ నలుగురిలో ముస్లింలున్నారు, దళితులున్నారు, శూద్ర కులాలవాళ్ళున్నారు. గుర్రమెక్కినవాడి చరిత్ర పుస్తకాల నిండా ఉంది. ఈ నలుగురి చరిత్ర ఖర్చుల పద్దులో తప్ప ఎక్కడా లేదు. కాబట్టి మేము ఆ పద్దునే చదవదలిచాము. గుర్రాన్ని కట్టేసి మేపడానికి ఎంత ఇవ్వాలి, గుర్రం లేనప్పుడు ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి అన్న చిన్న ప్రశ్నతో దక్కను చరిత్రను తిరగేస్తే మా అస్తిత్వం సంగతి కొంత తేలుతుంది.

ముందు లెక్క తేల్చుకుందాం. పాతబస్తీలో బరాత్ గుర్రాలు కట్టే కొట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. పెళ్ళిళ్ళున్న నెలల్లో అక్కడ కాలు పెట్టే సందుండదు. ముహర్రంలో, రంజాన్‌లో మావాళ్ళు పెళ్ళిళ్ళు పెట్టుకోరు. ఆషాఢంలో, మూఢంలో హిందువులు పెట్టుకోరు. ఈ రెండు పంచాంగాల మధ్య కొట్టం కొన్నాళ్ళు సగం ఖాళీ అవుతుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు పెళ్ళి ఊరేగింపులే ఆగిపోయాయి. ఖాళీగా ఉన్న చోట ఇంకొకరు తమ గుర్రాన్ని నాలుగు వారాలు కట్టుకుంటామంటే ఎంత అడగాలి? ‘ఎలాగూ ఖాళీయే కదా, ఊరికే ఇవ్వరాదా’ అని వచ్చినవాడంటాడు. ‘సీజన్ రేటు ఇస్తేనే తాడు కట్టనిస్తా’ అని కొట్టంవాడంటాడు. ఇద్దరి మాటా న్యాయం కాదు.

లాయం ఖర్చు మూడు పాళ్ళు. మొదటిది మేత. గుర్రం రోజుకు తన బరువులో నూటికి 2 వంతుల దాకా ఎండుమేత తింటుంది. పైన ఉలవలో, శనగలో, తవుడో పెట్టాలి. గుర్రం లేకపోతే ఈ ఖర్చు లేదు. రెండోది కప్పూ, నేలా. గుర్రం ఉన్నా లేకున్నా వాన కురుస్తుంది, రేకు తుప్పు పడుతుంది, ఇంటాయన కిరాయి అడుగుతాడు. మూడోది మనిషి. గుర్రం నాలుగు వారాలు లేదని సాయీసు నాలుగు వారాలు తినకుండా ఉండడు. అతన్ని పంపేస్తే గుర్రం తిరిగొచ్చిన రోజున దాని ఒళ్ళు తెలిసినవాడు దొరకడు. అందుకే న్యాయమైన రేటంటే మా దృష్టిలో ఇది: మేత ఖర్చు గుర్రం తిన్నంత, కప్పు ఖర్చు కట్టేసిన రోజులను బట్టి, మనిషి కూలి మాత్రం గుర్రం ఉన్నా లేకున్నా పూర్తిగా. బేరమాడే చోటు ఏదైనా ఉంటే అది కప్పు దగ్గరే, మనిషి దగ్గర కాదు.

మనిషి ఎందుకు ముఖ్యమో 13వ శతాబ్దం చివర్లో తూర్పు తీరం చూసిన మార్కో పోలో రాశాడు. అరబ్బు రేవుల నుంచి మాబార్‌కు, అంటే తమిళ తీరానికి, ఏటా వేల గుర్రాలు దిగేవి. సాకడం తెలియక చాలావరకు ఏడాదిలోనే చచ్చేవి. గుర్రాల వైద్యం తెలిసిన నాల్‌బందుల్ని వర్తకులు కావాలనే రానిచ్చేవారు కాదట. గుర్రాలు బతికితే కొత్తవి అమ్ముడుపోవు కదా! ఒక్క నాల్‌బందు లేకపోతే రాజుగారి ఖజానా ఖాళీ అవుతుందన్నమాట. అయినా ఆ నాల్‌బందు పేరు ఏ శాసనం మీదా చెక్కలేదు.

ఈ గజంబద్దతో రాజుల రేట్లను కొలిచి చూద్దాం. అల్లావుద్దీన్ ఖిల్జీ అశ్వికుడికి ఏడాదికి 234 టంకాలు జీతం కట్టాడనీ, రెండో గుర్రం ఉంచుకుంటే ఇంకో 78 ఇచ్చాడనీ బరనీ చెబుతాడు. గుర్రానికి ముద్ర, మనిషికి హులియా. రెండో గుర్రం ఖర్చు విడిగా కట్టడం ఒక పద్ధతే. అయితే ఆ 78 ఎక్కడిది? ఇదే ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ 1310లో ఓరుగల్లు నుంచి ప్రతాపరుద్రుడి ఏనుగులతో పాటు 7000 గుర్రాలు తోలుకుపోయాడని కూడా బరనీయే రాశాడు. గెలిచినవాడి లాయం నింపేది ఓడినవాడి లాయమే. ఇందులో మతం సంగతి ఎంత, మేత సంగతి ఎంత అన్నది నిదానంగా ఆలోచించవలసిన విషయం.

మొగలాయిల కాలంలో ఇంకా విచిత్రం. జాగీర్దార్లు చక్రవర్తి పశువులకు మేత ఖర్చు కట్టాలి. దాని పేరు ఖురాకె దవాబ్. పశువులు పాదుషావి, వాడకం పాదుషాది, బిల్లు మాత్రం జాగీర్దారుది. ఔరంగజేబు దక్కను యుద్ధాల నాటికి జాగీరు మీద వచ్చే రాబడికి ఈ బిల్లుకీ పొంతన లేకుండా పోయింది. దర్బారులో ఉండే జాగీర్దార్ల వకీళ్ళను ఏనుగులశాల, గుర్రాలశాల అధికార్లు పీడించిన తీరు ఖాఫీ ఖాన్ రాశాడు. ఆ ఖాఫీ ఖాన్ తర్వాత నిజాముల్ముల్క్ కొలువులో పనిచేసినవాడే. చివరికి బహదూర్ షా వజీరు మునీం ఖాన్ (1707-1711) ఒక దారి చూపించాడు. మేత ఖర్చును ముందే లెక్కగట్టి, ఆ మేరకు మినహాయించుకుని మిగిలిందే జాగీరుగా ఇచ్చే ఏర్పాటు అది. అమీర్లు ఊపిరి పీల్చుకున్నారు. ఒక్కటి గమనించాలి. ఈ పేచీ అంతా పైవాళ్ళకూ పైవాళ్ళకూ మధ్య. కొట్టంలో పేడ ఎత్తేవాడి కూలి పెరిగిందా తగ్గిందా అన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

తెలుగువాళ్ళు తమ ఇంటి సంగతిగా తెలుసుకోవలసింది 1800 ఒడంబడిక. ఆ ఏడాది అక్టోబరు 12న నిజాం అలీ ఖాన్ కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో కంపెనీ సైన్యానికి రెండు సిపాయి పటాలాలు, ఒక గుర్రపు దళం అదనంగా చేరాయి. వాటి పోషణకు నిజాం మైసూరు యుద్ధాల్లో తన వాటాకొచ్చిన కడప, బళ్ళారి ప్రాంతాలను ధారాదత్తం చేశాడు. అవే దత్తమండలాలు. 1928లో నంద్యాలలో రాయలసీమ అని పేరు పెట్టుకున్న నేల. ఒక సీమ సీమంతా లాయం కిరాయి కింద జమ అయిందని మన పాఠ్యపుస్తకాలు ఇలా చెప్పవు. ‘నిజాం ఇచ్చేశాడు’ అని చెబుతాయి. ఇచ్చేశాడు, నిజమే. దేనికి ఇచ్చాడో, ఆ సొమ్ముతో ఎవరి గుర్రాలు బలిశాయో కూడా చెప్పాలి కదా?

అదే ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. యుద్ధం వస్తే నిజాం 6000 మంది పదాతిని, 9000 గుర్రాలను పంపాలి. యుద్ధం వస్తేనే! శాంతికాలంలో ఆ 9000 గుర్రాల సంగతేమిటి? ఖాళీ లాయానికి కిరాయి కట్టాలా? కంపెనీ రెసిడెంటు హెన్రీ రస్సెల్ దీనికి జవాబు వెదికి పెట్టాడు. నిజాం సొంత గుర్రాలు పనికిరావనీ, ఇంగ్లీషు అధికార్ల కింద కొత్త దళం కావాలనీ తేల్చాడు. ‘రస్సెల్ బ్రిగేడ్’ అదే. అదే పెరిగి హైదరాబాద్ కంటింజెంట్ అయింది. 1818లో మరాఠా యుద్ధం ముగిసింది, దళం ముగియలేదు. దివాన్ చందూలాల్ జీతాలివ్వడానికి పామర్ కంపెనీ దగ్గర అప్పు చేశాడు. ఆ అప్పు వడ్డీ రాజ్యాన్ని పీల్చింది. శాంతికాలంలో ఈ దళాన్ని నిజాం పోషించాలని 1800 ఒప్పందం చెప్పలేదని గవర్నర్ జనరల్ డల్హౌసీ తన రాతల్లో స్వయంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే 1853లో బిల్లు వసూలు చేశాడు. తక్కువలో తక్కువ 5000 పదాతి, 2000 గుర్రం, నాలుగు ఫిరంగి దళాల ఖర్చు కింద బేరార్, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ జిల్లాలు రాయించుకున్నాడు. మిగులు ఉంటే తిరిగి ఇస్తామన్నారు. 1860 ఒప్పందంలో రాయచూరు, ధారాశివ్ తిరిగొచ్చాయి, 50 లక్షల అప్పు మాఫీ అయింది. దాంతోపాటు బేరార్ జమాఖర్చుల లెక్క ఇక నిజాం అడగకూడదన్నారు.

లెక్క అడగకూడని బిల్లు న్యాయమైన బిల్లు కాదు. దీనికి ఒడంబడికల పరిజ్ఞానం అక్కర్లేదు, బరాత్ గుర్రం కొట్టంవాడికి కూడా తెలుసు. మొదటి సాలార్ జంగ్ బతికినంత కాలం బేరార్ కోసం రాయబారాలు నడిపాడు. దళం ఖర్చుకు సరిపడా రొక్కం జామీను పెడతాం, జిల్లాలు వదలండి అన్నాడు. వినలేదు. 1902లో కర్జన్ మీర్ మహబూబ్ అలీ ఖాన్ చేత ఏటా 25 లక్షల రూపాయలకు బేరార్‌ను శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. ఆ వెంటనే 1903లో కంటింజెంట్ అన్న దళమే లేకుండా పోయింది, దాని గుర్రపు రెజిమెంట్లు బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయాయి. లాయం ఎత్తేశారు, లాయానికని తీసుకున్న నేల మాత్రం ఉంచుకున్నారు. ఆ కలిసిన రెజిమెంట్లలో ఒకటైన 20వ దక్కన్ హార్స్ 1916 జులైలో ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో ఈటెలతో మరతుపాకుల మీదికి ఉరికింది.

ఇప్పుడు సైబరాబాద్‌కు వద్దాం. గుర్రాలకూ ఐటీ కారిడార్‌కూ ఏం సంబంధమని అడగవచ్చు. నేల పేర్లలోనే ఉంది సంబంధం. శేరిలింగంపల్లి రెవెన్యూ రికార్డుల్లో రాయదుర్గం ఒకటి కాదు: రాయదుర్గ్ పాయిగా, రాయదుర్గ్ పన్‌మక్తా, రాయదుర్గ్ నౌఖాల్సా. ఫార్సీలో పాయగాహ్ అంటే నిలిచే చోటు, హోదా, గుర్రాలశాల. నిజాం అలీ ఖాన్ కాలంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌కు సొంత ఆశ్విక దళం పోషణ కోసం ఇచ్చిన భూములే పాయిగా భూములు. ఆ వంశంవాళ్ళ బిరుదు షంసుల్ ఉమ్రా. మక్తా అంటే ఖాయం చేసిన శిస్తు మీద ఇచ్చిన నేల. ఖాల్సా అంటే సర్కారుది, నౌఖాల్సా కొత్తగా సర్కారులో కలిసింది. గుర్రం మేతకు ఇచ్చింది, ఖాయం రేటుకు ఇచ్చింది, తిరిగి తీసుకున్నది. మూడు ఊరిపేర్లు మూడు పద్దులు. తెలుగు పత్రికలు దీన్ని ‘పైగా’ అని రాస్తాయి. పైగా అంటే మన భాషలో అదనంగా అని కదా. ఆ అర్థం కూడా తప్పు కాలేదు.

ఎందుకంటే పాయిగాలో గుర్రాలు తగ్గాయి, పైన మిగిలింది పెరిగింది. కంపెనీ దళాలు వచ్చాక పాయిగా గుర్రాలతో యుద్ధం చేసే పని లేకుండా పోయింది. లాయం ఖాళీ అయినా భూమి అమీర్ల దగ్గరే ఉంది. పాయిగా మూడు శాఖలైంది. వికారుల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమా మేడకు పునాది వేశాడు. వికారాబాదు ఆ పేరుదే, శంషాబాదు షంసుల్ ఉమ్రా పేరుదే. 2008లో విమానాశ్రయం వెలిసిన ఊరి పేరులో గుర్రపు దళం సర్దారు ఉన్నాడన్నమాట. మరి ఆ మేత ఎవరు మోశారు? అధికారి గుర్రం ఊళ్ళోకి వస్తే గడ్డి వెయ్యడం తెలంగాణ వెట్టిలో ఒక భాగం. వెట్టి చేసినవాడికి మేత ఖర్చూ లేదు, కూలీ లేదు. మేము పైన చెప్పిన మూడు పాళ్ళలో రెండు పాళ్ళు ఊరి వెట్టివాడి నెత్తిన పడ్డాయి. మూడో పాలు, కప్పు కిరాయి, అమీరు జేబులో పడింది. ఈ మాట మేము చెప్పడానికి సంకోచించం. మా మతంవాడని అమీరును కాపాడటం మా పని కాదు. అలాగే ఆ అమీరు పాపాన్ని సాయీసు మనవడి మీద వెయ్యడం ఎవరి పనీ కాకూడదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు చట్టం వచ్చింది, పాయిగాలు కూడా అందులో పోయాయి. పోవలసినవే. మరుసటి ఏడాది జాగీర్దార్లకు పరిహారం కట్టే నిబంధనలొచ్చాయి. ఇన్నేళ్ళ రాబడికి ఇంత అని లెక్కలు వేశారు. అంటే ఖాళీ లాయం యజమానికి కప్పు కిరాయి చివరిదాకా ముట్టింది. నిజాం సైన్యాలను రద్దు చేసిన రోజున లాయాల్లో మనుషులకు ఏం ముట్టింది? మాసాబ్ ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్ అని ఒక బస్తీ ఉంది. దాని పక్కనే ఏసీ గార్డ్స్. ఏసీ అంటే చల్లటి గది కాదు, ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి రాజా రామేశ్వరరావు 19వ శతాబ్దంలో కూర్చిన ఆఫ్రికన్ అంగరక్షక దళం నిజాం కొలువుకు వచ్చి ఆ పేరుతో నిలిచింది. ఒక తెలుగు సంస్థానాధీశుడి నుంచి ఒక ముస్లిం రాజుకు చేరిన ఆఫ్రికన్ మనుషులు! మన చరిత్రను మతం అనే ఒక్క గీతతో విడదీయాలనుకునేవాళ్ళు ఈ ఒక్క బస్తీ ముందు ఆగి జవాబు చెప్పాలి. గుర్రాలు పోయాయి, సిద్దీలు మిగిలారు. వాళ్ళ మర్ఫా దరువు పెళ్ళిళ్ళలో వినిపిస్తుంది. తాత గుర్రం మీద కూర్చున్న ఊళ్ళో మనవడు పెళ్ళికొడుకు గుర్రం ముందు దరువు వేస్తున్నాడు. 2007లో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన చట్టంలో సిద్ది, యాబా, హబ్షీ, జాసీ అని ఒక వరస ఉంది. రద్దయిన దాదాపు 60 ఏళ్ళకు పద్దులో ఆ మనిషి పేరు మొదటిసారి పడింది.

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించారు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. హఫీజ్‌పేటలో ఖుర్షీద్ జా పాయిగా వారసుల పంపకాల దావా 1958 నాటిది, దశాబ్దాలు నడిచింది. మణికొండలో హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు చెందినదని వక్ఫ్ బోర్డు వాదించిన 1654 ఎకరాల 32 గుంటలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తేల్చింది. సర్కారు, వారసులు, బోర్డు, బిల్డరు - ఈ వ్యాజ్యాలన్నీ కప్పూ నేలా గురించే. మేత మోసినవాడు, పేడ ఎత్తినవాడు ఏ కోర్టులోనూ కక్షిదారు కాదు. ‘సేవ కోసం ఇచ్చిన భూమి’ అన్న మాట ప్రతి దస్తావేజులో ఉంటుంది. సేవ చేసినవాడి పేరు ఏ దస్తావేజులోనూ ఉండదు.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. అందులో దాణా పెట్టే చెయ్యి ప్రస్తావన లేదు, గమనించారా? మా మీద రెండు రకాల చరిత్ర రుద్దుతున్నారు. ఒకరు మమ్మల్ని గుర్రమెక్కి వచ్చిన దండయాత్రికులంటారు. ఇంకొకరు, మాలోనే ఉన్న పెద్దలు, ‘మనం ఏలినవాళ్ళం’ అని ముషాయిరాల్లో నిట్టూరుస్తారు. ఇద్దరి బొమ్మా ఒకటే, గుర్రం మీది బొమ్మ. ఇద్దరికీ కళ్ళెం పట్టుకున్నవాడు కనిపించడు. పీర్ల పండుగలో నాల్ సాహెబ్ పీరును తెలంగాణ పల్లెల్లో హిందువులూ ముస్లింలూ కలిసి ఎత్తుకుంటారు. నాల్ అంటే నాడా. రాజుల కిరీటాన్ని కాదు, నాడా ఆకారాన్ని నెత్తిన పెట్టుకున్న జనం మాది. ఆ జనం చరిత్ర రాయాలంటే సింహాసనం లెక్క కాదు, లాయం లెక్క చదవాలి.

మేము అడుగుతున్నది నవాబుల భూమి తిరిగి నవాబులకిమ్మని కాదు. కొట్టంలో చెల్లే ధర్మమే రాజ్యంలోనూ చెల్లాలంటున్నాము. మేత తిన్నంత కట్టండి, కప్పుకు ఉన్నన్ని రోజులు కట్టండి, మనిషికి మాత్రం గుర్రం లేని రోజుల్లోనూ కట్టండి. పాయిగా పేరున్న నేల మీద లేచిన అద్దాల మేడల్లో రాత్రిపూట తుడిచేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు, క్యాబు నడిపేవాళ్ళు ఉన్నారు. ప్రాజెక్టు పోయిందంటే, ఆఫీసు ఖాళీ అయిందంటే బిల్డింగు ఓనరుకు కిరాయి ఒప్పందం ప్రకారం ముడుతుంది. తుడిచేవాడికి మరునాటి నుంచి రావద్దంటారు. 2020లో అదే చూశాం. 1853లో, 1949లో జరిగింది కూడా అదే. ఖాళీ లాయానికి కిరాయి ఎంత అన్నది ప్రతి కాలంలోనూ తేలుతూనే వచ్చింది. ఎవరికి అన్నదే ఇంకా తేలలేదు.